కర్ర గాలమా, రీలు రాడ్డా? మన చెరువులకి ఏది సరిపోతుంది

గాలం మీద కొత్తగా మోజు పుట్టినవాళ్లంతా అడిగే ప్రశ్న ఒకటే, "ఏ రాడ్డు కొనమంటారు?" అని. నేను ఎదురు రెండు ప్రశ్నలు అడుగుతా. మీకు దగ్గర్లో ఉన్న నీళ్లేవి? అందులో మీరు పట్టాలనుకున్న చేప ఏది? ఈ రెండూ తేలకుండా కొన్న రాడ్డు నాలుగు ఆదివారాలు తిరిగి అటక ఎక్కుతుంది. ఊరి చెరువు కట్ట మీద కూర్చుని జిలేబీలు (తిలాపియా చేపలు), పరకలు (చిన్న చేపలు) పట్టుకునేవాళ్లకి ఎనిమిది వేల సెట్ దండగ. నాగార్జున సాగర్ లాంటి పెద్ద నీళ్లలో బొచ్చె చేప కోసం వెళ్లేవాళ్ల చేతిలో వెదురు కర్రా అంతే దండగ.

ముందే ఒక మాట చెప్పేస్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మన దగ్గర సరదాకి గాలం వేసేవాళ్లలో ఎక్కువమంది మనసు పడేది రెండు రకాల చేపల మీద. ఒకటి పిండి ఎరకి వచ్చే బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ. రెండోది వేటాడి తినే కొరమేను, తెలంగాణలో చాలామంది కొర్రమట్ట అనేది. ఈ రెండిటికీ కావలసిన సామాను ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా. ఒకే సెట్‌తో రెండూ పట్టేద్దాం అనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. కాబట్టి ముందు పక్షం ఎంచుకోండి, షాపుకి తర్వాత వెళ్లొచ్చు.

పిండి చేపల సంగతి

తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది కదా, ఇప్పుడు ఏ ఊరి చెరువు చూసినా ఎక్కువగా ఇవే ఉంటాయి. బొచ్చె మూతి చూడండి, కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, అందుకే అది పై నీళ్లలో మేస్తుంది. రవ్వ మధ్యలో తిరుగుతుంది. మోసు, బంగారు తీగ నోళ్లు కిందికి ఉంటాయి, అవి అడుగున బురద కెలుకుతూ బతుకుతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే బెండు (దారానికి కట్టే, నీళ్ల మీద తేలే ముక్క) ఎంత లోతుకి కట్టాలో ఎవరినీ అడగక్కర్లేదు. ఆరడుగుల నీళ్లలో రెండడుగులకి కడితే బొచ్చె ఆశ, గాలం నేలకి ఆనేలా కడితే మోసు ఆశ.

వీటికి మొదటి సామాను వెదురు కర్ర. ఎవరు నవ్వినా సరే, నేను కొత్తవాళ్లకి మొదటి ఏడాది ఇదే చెబుతా. పది పన్నెండు అడుగుల సన్న వెదురు, నిటారుగా, బాగా ఎండినది తీసుకోండి. దానికి కర్ర పొడవుకి అటూ ఇటూగా తంగూసు (నైలాన్ దారం), ఒక బెండు, పెసరగింజంత సీసం, ఒక గాలం ముల్లు. మొత్తం రెండు వందల్లో అయిపోతుంది. తామరాకుల మధ్య చేటంత ఖాళీ కనిపిస్తే అక్కడే, చప్పుడు లేకుండా, నిలువుగా దించొచ్చు. రీలు విసిరేవాడు అదే చోట దబ్బుమని వేసి చేపల్ని బెదరగొట్టి, ఆనక ఆకుల్లో చిక్కిన దారం తెంపుకుని పోతాడు.

బెండు అంటే ప్లాస్టిక్ బంతే అక్కర్లేదు. జీలుగు బెండు తేలికగా ఉంటుంది. దానికంటే నాకు నచ్చేది రాలిన నెమలి ఈక కాడ, కళ్లున్న పీచంతా తీసేసి రెండు చోట్ల సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కతో తంగూసుకి బిగిస్తే, నీళ్లలో సన్నగా నిలబడి చేప ఊపిరి తగిలినా చెబుతుంది. మోసు, బంగారు తీగ ఎర నోట్లో పెట్టుకుని అడుగు నుంచి తల ఎత్తినప్పుడు సీసం బరువు తేలిపోయి, బెండు మునగడం మాని పైకి లేచి అడ్డంగా పడుకుంటుంది. కొత్తవాళ్లు బెండు మునిగేదాకా ఎదురు చూస్తూ ఉంటారు, ఈలోగా చేప పిండి ఊసేసి వెళ్లిపోతుంది. పడుకుందంటే గుంజాల్సిందే.

మరి కర్రకి లోటేంటి? రెండు కిలోలు దాటిన చేప పడితే మీ చేతిలో వదలడానికి దారం లేదు. కర్ర ఎంత వంగితే అంతే, ఆ తర్వాత తంగూసు టప్పుమంటుంది. కట్ట నుంచి లోతు నీళ్లు ఇరవై అడుగుల అవతల ఉన్న చోటా దీంతో పని జరగదు.

అక్కడే టెలిస్కోపిక్ రాడ్డు వస్తుంది, ఆన్‌లైన్‌లో రీలు, దారం, ప్లాస్టిక్ చేపలు అన్నీ కలిపి వెయ్యి, పన్నెండు వందలకి కనిపించే సెట్టు. దీని గురించి గట్టిగానే చెబుతా. మడిస్తే సంచిలో పడుతుంది, బస్సులో తీసుకెళ్లొచ్చు, అడుగున సీసం వేసి చివర గంట కట్టి కూర్చోడానికి సరిపోతుంది. కానీ ఆ సెట్టుతో వచ్చిన దారం తీసి పారేయండి, అలాగే పారేస్తే కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది, చిన్న ముక్కలు చేసి చెత్తలో వేయండి. రెండు వందలు పెట్టి మంచి తంగూసు ఎక్కించుకుంటే అదే రాడ్డు వేరేలా కనిపిస్తుంది. ఇసుక మీద పెట్టారంటే కీళ్లలో రేణువులు దూరి, ఆ తర్వాత మూయడానికి రాదు, బలవంతంగా తిప్పితే గొట్టం చీలుతుంది. వాడాక తడిగుడ్డతో తుడిచి చివరి నుంచి మడుచుకుంటూ రండి.

డబ్బులు ఇంకొంచెం ఉంటే, మూడు నాలుగు వేల దాకా పెట్టగలిగితే, పిండి చేపలకి ఎనిమిది తొమ్మిది అడుగుల, కొంచెం మెత్తగా వంగే రాడ్డు, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, 0.35 మిల్లీమీటర్ల తంగూసు తీసుకోండి. ఇక్కడ మెత్తదనమే బలం. రవ్వ మూతి తోలు పలచన, గాలం పడ్డాక అది చేసే పరుగు మాత్రం లారీ పరుగు. రాడ్డు వంగుతూ, దారం సాగుతూ ఆ దెబ్బని మింగాలి. తంగూసు తెగే ముందు దాదాపు నాలుగో వంతు సాగుతుంది. ఆ సాగుడే నోరు చీలకుండా, దారం తెగకుండా కాపాడేది.

చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే మర రీలుకి ఉంటుంది, డ్రాగ్ అంటారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. దారం ఓర్చే బరువులో నాలుగో వంతుకో మూడో వంతుకో అది జారడం మొదలవ్వాలి. ఆరు కిలోల దారం అయితే, రెండు లీటర్ల వాటర్ బాటిల్ నింపి దారం చివర కట్టి ఎత్తండి, రీలు మెల్లగా కిర్రుమంటూ దారం వదిలిందా, సరిగ్గా ఉన్నట్టు. వదలకుండా బాటిల్ పైకి లేచిపోతే బిగుతు ఎక్కువ, ఎత్తకముందే జారితే వదులు.

పిండి మాటకొస్తే, ప్రతివాళ్లకీ ఒక రహస్యం ఉంటుంది, సోంపు అనేవాళ్లు, యాలకులు అనేవాళ్లు, వెనీలా అనేవాళ్లు. వాసన కంటే ముద్ద గట్టిదనం ముఖ్యం అని నా నమ్మకం. గోధుమపిండి, దోరగా వేయించి దంచిన పల్లి చెక్క, గుప్పెడు తవుడు, తక్కువ నీళ్లు. కలిపాక గోలీ అంత ఉండ చేసి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. వెంటనే విడిపోతే గోధుమపిండి పెంచాలి, పావుగంటయినా రాయిలా ఉంటే తవుడు పెంచాలి. పది నిమిషాల్లో అంచులు కరుగుతూ నీళ్లలో తెల్లటి మబ్బులా లేస్తే చాలు, ఆ మబ్బే చేపని పిలిచేది. వానపాములకి ఇవన్నీ అక్కర్లేదు, తడి మట్టి డబ్బాలో నీడన ఉంచండి, జెల్లలు, పరకలు, జిలేబీలు అన్నీ వస్తాయి. కాకపోతే ఎర్రలకి, అంటే ఈ వానపాములకి, వచ్చేవాటిలో ముళ్లున్నవి ఎక్కువ. జెల్ల రెక్కల ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది, ఇంగిలాయి ముల్లుకి విషమే ఉంటుంది. చేపని చేత్తో పట్టొద్దు, కటింగ్ ప్లేయర్‌తో గాలం ముల్లు తీయండి.

కొరమేను దారి వేరు

కొరమేను గాలి పీల్చే చేప, మొప్పలతోనే బతకలేదు, కొంతసేపటికోసారి పైకొచ్చి గుటకేసి దిగిపోవాల్సిందే. వేసవిలో నీళ్లు తగ్గి శిఖం (చెరువు లోపలి నేల) బయటపడ్డాక, తుంగ, గుర్రపు డెక్క మిగిలిన గుంటల దగ్గర పొద్దున్నే నిలబడితే ఆ గుటక చప్పుడు వినిపిస్తుంది, తర్వాత చిన్న బుడగలు. అక్కడికి ఎర సూటిగా వేయొద్దు. దాటించి అవతల ఆకుల మీద వేసి, మెల్లగా ఆ బుడగల మీదుగా లాక్కురండి.

ఎర ఏది? పాత పద్ధతి బతికున్న కప్పపిల్ల. ఇప్పుడు దాని బదులు లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప దొరుకుతోంది, రెండు ముళ్లూ వీపుకి ఆనుకుని దాగి ఉంటాయి కాబట్టి గడ్డిలో చిక్కుకోదు, చేప కొరికి రబ్బరు నొక్కుకుపోతేనే ముళ్లు బయటికొస్తాయి. రెండిట్లో నేను రబ్బరు కప్పవైపే. కొన్ని రకాల కప్పలు వన్యప్రాణి చట్టం పరిధిలోకి వస్తాయన్నది ఒక కారణం, బతికున్నదాన్ని గుచ్చి ఆడించడం నాకు నచ్చకపోవడం ఇంకో కారణం. పట్టుబడి లెక్కలో చూసినా, గడ్డి దట్టంగా ఉన్న చోట రబ్బరుదే పైచేయి. ఖాళీ నీళ్లలో మాత్రం బతికున్న ఎరని మించింది లేదు, అది ఒప్పుకోవాలి.

దీనికి రాడ్డు ఆరున్నర నుంచి ఏడడుగులు, గట్టిది, చివర మాత్రమే కాస్త వంగేది. రీలు 3000 సైజు చాలు. దారం తంగూసు వద్దు, బ్రెయిడ్ (సన్న పోగులు జడలా అల్లిన దారం), ముప్పై నలభై పౌండ్లది. బ్రెయిడ్ సాగదు, నీళ్ల మీద తేలుతుంది, డెక్క కాడల్ని రంపంలా కోసుకుంటూ వస్తుంది. డ్రాగ్ దాదాపు పూర్తిగా బిగించాలి. చూశారుగా, పిండి చేపలకి చెప్పిన ప్రతిదీ ఇక్కడ తిరగబడింది. మెత్తటి రాడ్డుతో కొరమేనుకి వెళ్తే దాని గట్టి దవడలో ముల్లు దిగదు, దిగినా అది గడ్డి వేళ్లలోకి దూరిపోయి మీరు రాడ్డు వంచుకుని నిలబడతారు. ఈ గట్టి సెట్టుతో రవ్వకి వెళ్తే మూతి చిరిగిన చేప ఒకటి నీళ్లలోకి వెళ్లిపోతుంది, మీకు ఖాళీ ముల్లు మిగులుతుంది.

కొరమేను అందుకున్నప్పుడు నీళ్లు బాంబు పేలినట్టు లేస్తాయి, ఆ క్షణంలో అందరి చెయ్యీ అదిరి రాడ్డు పైకి లేస్తుంది, కప్ప గాల్లోకి ఎగిరి మన మొహం మీదికి వస్తుంది. ఆగాలి. చప్పుడుకి గుంజొద్దు, బరువుకి గుంజండి. రాడ్డు మొన కిందికి దించి, వదులు దారం చుట్టుకుని, చేప బరువు చేతికి తెలిశాక ఒక్కసారి గట్టిగా. కళ్లజోడు పెట్టుకోవడం మర్చిపోవద్దు, ఆ కప్ప ముళ్లు రెండూ పెద్దవే. వేలికి బ్రెయిడ్ చుట్టుకుని చిక్కు లాగడమూ వద్దు, కోసేస్తుంది.

వానలు పడ్డాక మాత్రం ఒక దృశ్యం కనిపిస్తుంది, నీళ్ల మీద ఎర్రగా, గిన్నె మూతంత, పిల్లల గుంపు ఉడుకుతున్నట్టు కదులుతుంటుంది. దాని కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అప్పుడు ఎర ఏది వేసినా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లల మీదికి వస్తోందని. దాన్ని పట్టేస్తే పిల్లలన్నీ పరకలకి, పక్షులకి పోతాయి. తేలిగ్గా పడుతుంది కదా అని అక్కడ వేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అని గొప్పగా చెప్పుకునే చేప ఇది.

బెయిట్‌కాస్టర్ రీలు (విసిరినప్పుడు దారం చుట్టిన స్పూలే తిరిగే రకం) గురించి కూడా అడుగుతుంటారు, వీడియోల్లో చూసి. గురి బాగుంటుంది, బరువైన ఎరకి, గట్టి దారానికి బలం ఎక్కువ. కానీ విసిరేటప్పుడు బొటనవేలితో స్పూలుని అదుపు చేయడం రాకపోతే దారం పక్షిగూడు అయిపోతుంది, పొద్దున్న చల్లటి వేళంతా దాన్ని విప్పుకోడానికే సరి. మొదటి రీలుగా వద్దు, అంతే.

చిన్నవి, కానీ చేపని పోగొట్టేవి

ముళ్ల సైజు అంకెలు తికమక పెడతాయి. 8 కంటే 4 పెద్దది, 1 ఇంకా పెద్దది, ఆ తర్వాత 1/0, 2/0 అని పైకి పోతుంది. పరకలకి 10, జిలేబీకి 8, రవ్వ, మోసుకి 4 నుంచి 1 దాకా. మామూలు ముల్లా, లోపలికి తిరిగి ఉండే సర్కిల్ ముల్లా అంటే, రాడ్డు పెట్టి దాని చివరి గంట మోగడం కోసం ఎదురు చూసేవాళ్లకి సర్కిల్ మేలు, చేప తనంతట తానే నోటి మూలకి తగిలించుకుంటుంది, గొంతులోకి పోదు. దానికి గుంజకూడదు, నిదానంగా చుట్టడమే. గుంజే అలవాటున్నవాళ్లు మామూలుదే వాడుకోండి.

స్ప్రింగుకి పిండి ముద్ద కట్టి చుట్టూ నాలుగైదు ముళ్లు వేలాడదీసే పద్ధతి మన దగ్గర బాగా నడుస్తోంది. పడతాయి, కాదనను. అయితే చేప ఒక ముల్లు మింగితే రెండోది కంట్లోనో పొట్టలోనో దిగుతుంది, చిన్నదైతే వదలడానికి ఉండదు. ఆ రోజు కూరకే వెళ్తుంటే మీ ఇష్టం, వదిలే ఉద్దేశం ఉంటే ఒక్క ముల్లే.

ముడి వేశాక బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది, పెద్ద చేప తెంపేది సరిగ్గా ఆ చోటే. తంగూసుకి క్లించ్ ముడి, బ్రెయిడ్‌కి పాలోమార్ ముడి నేర్చుకుంటే చాలు. ఎండలో ఆరేసిన తంగూసు ఏడాదికే పెళుసవుతుంది, మార్చేయండి.

ఇంకోటి, ఇది సరదా విషయం కాదు. కార్బన్ రాడ్డుకి కరెంటు పాకుతుంది. మన చెరువు కట్టల మీదుగా, కాలవల వెంబడి మోటార్ల తీగలు కిందికి వేలాడుతూ పోతుంటాయి, పన్నెండడుగుల రాడ్డు ఎత్తుకుని చూడకుండా నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఉరుములు మొదలైతే రాడ్డు కింద పెట్టి కట్ట దిగిపోండి.

ఎక్కడ వేయాలి

ఊరి చెరువు చాలావరకు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటుంది. ఖాళీగా కనిపించిందని కూర్చుంటే గొడవ ఖాయం, అడిగితే చాలాచోట్ల సరే అంటారు, కొన్నిచోట్ల ఎంతో కొంత తీసుకుంటారు. వాళ్ల జీవనం అది, మనది కాలక్షేపం. హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బు తీసుకుని గాలం వేయనిచ్చే చేపల చెరువులు ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్లడానికి, కొత్త రాడ్డు అలవాటు చేసుకోడానికి అవి బాగుంటాయి, కానీ మేత తిని పెరిగిన చేపని పట్టడం చూసి నాకు చెయ్యి తిరిగింది అనుకోవద్దు.

మంజీరా అభయారణ్యం వైపు అసలు వెళ్లకండి, అక్కడ వేట నిషేధం, పైగా నీళ్లలో మొసళ్లు. కొల్లేరూ అభయారణ్యమే. జలాశయాల్లో గుడ్లు పెట్టే కాలం, జూలై, ఆగస్టుల్లో వేట ఆపేస్తారు, వెళ్లే ముందు కనుక్కోండి. డ్యాముల కింద వాలుగ బాగా తిరుగుతుందని అక్కడికి పోతారు, నిజమే తిరుగుతుంది, కానీ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో మనకి తెలీదు. 2014లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో లార్జి డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లిన విద్యార్థులు బండల మీద నిలబడి ఉండగానే కొట్టుకుపోయారు. సైరన్ వినిపించే దూరంలో, పైకి ఎక్కే దారి వెనకే ఉన్న చోట మాత్రమే నిలబడండి.

హుస్సేన్ సాగర్, మూసీ చేపలు తినొద్దు, ఆ నీళ్లు చూసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. తాబేలు గాలానికి పడితే దారం పట్టి లాగకుండా, దగ్గరికి తెచ్చి ముల్లు తీసి వదిలేయండి, దాన్ని ఉంచుకోవడం నేరం. ఒంటి నిండా గట్టి పలకలతో, చారలతో వచ్చే దెయ్యం చేప, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఈ రెండూ పడితే మాత్రం తిరిగి నీళ్లలో వేయొద్దు. మన చేపల గుడ్లకీ పిల్లలకీ అవి చేటు.

అమెరికాలో ఉన్నవాళ్లకి రెండు ముక్కలు

డల్లాస్, ఆస్టిన్‌లో ఉండే మనవాళ్లు వీకెండ్ సరదాకి మొదలుపెట్టాలంటే అక్కడి స్టేట్ పార్కులు హాయి. టెక్సస్‌లో పదిహేడు నిండినవాళ్లకి లైసెన్స్ కావాలి కానీ, స్టేట్ పార్కు ఒడ్డు నుంచి వేస్తే అక్కర్లేదు. ఇక్కడ నేను కొరమేనుకి చెప్పిన సెట్టుతోనే అక్కడ లార్జ్‌మౌత్ బాస్ అనే వేట చేపకి వెళ్లొచ్చు, రబ్బరు కప్ప పుట్టిందే దానికోసం. బ్లూగిల్ అనే చిన్న చేపకి వానపాము, చిన్న ముల్లు, బెండు, అచ్చం మన పరకల పద్ధతే. సైజు కొలిచే స్కేలు వెంట ఉంచుకోండి, ఇన్ని అంగుళాలకి తక్కువైతే వదలాలి, రోజుకి ఇన్నే అని ఒక్కో చేపకి ఒక్కో లెక్క, అధికారి వచ్చి డబ్బా తెరిచి చూస్తాడు. మన కొరమేను జాతి మొత్తాన్ని 2002లోనే అక్కడ హానికర జీవుల జాబితాలో పెట్టారు. బతికున్నది తెప్పించుకుని పెరట్లో పెంచుదామనే ఆలోచన ఎవరికైనా ఉంటే అది జైలు దాకా పోయే వ్యవహారం.

ఇక డబ్బు సంగతి. చేతిలో వెయ్యే ఉంటే వెదురు కర్రకి రెండు వందలు, మిగతాది మంచి తంగూసు, మంచి ముళ్లు, కటింగ్ ప్లేయర్, చిన్న వల బుట్ట. నాలుగు వేలుంటే కొరమేనా, రవ్వా తేల్చుకుని ఒక్కదానికే సరైన సెట్టు. రెండో పక్షానికి సామాను మరుసటి ఏడాది చూసుకోవచ్చు, వాడినవి అమ్మేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. అలాంటిది కొనేటప్పుడు ఒక దూది ఉండ జేబులో వేసుకెళ్లి రాడ్డు రింగుల లోపల తిప్పి చూడండి. దూది ఎక్కడైనా పట్టుకుందంటే ఆ రింగు బీటలిచ్చినట్టే, మీ దారాన్ని అది రోజూ కొంచెం కొంచెం కోస్తుంది, ధర ఎంత తగ్గించినా వద్దనండి.